పట్నంలో తోట పెరగాలె, మన పొలాన్ని మింగి కాదు

పోయిన నెల మా సిరికొండ మండల కమిటీలో పట్నం తోటల ముచ్చట వచ్చింది. నిజామాబాద్‌లో వార్డుకో ఉమ్మడి కూరగాయల తోట పెట్టాలని మన సంఘం తరఫున అడుగుదామని నేనన్నాను. ఒక తమ్ముడు లేచి, "అన్నా, పట్నపోళ్లే పండించుకుంటే మన కూరగాయలు ఎవరు కొంటరే?" అన్నాడు. అందరూ నవ్వారు. కానీ అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. సంఘం పేరు మీద ఒక డిమాండ్ పెట్టే ముందు రైతుకు లాభమో నష్టమో తేల్చుకోవాల్సిందే.

ముందు అసలు మన కూరగాయలు ఎక్కడున్నాయో చెప్పండి. బోరులో నీళ్లున్న ప్రతి మడిలో వరి. లేని చోట మక్క, పసుపు. వరికి మద్దతు ధర ఉంది, ఊళ్లో కొనుగోలు కేంద్రం ఉంది. టమాటకు ఏముంది? ఐదారేళ్ల కింద నేను ఇరవై గుంటల్లో టమాట పెట్టాను. మార్కెట్‌కు తీసుకుపోయిన రోజు ఆటో కిరాయి, కమీషన్, హమాలీ పోను చేతిలో మిగిలింది ఛాయ్ పైసలే. చివరి కోతలు మేకలకు వదిలేశాను. ఇప్పుడు మా ఇంట్లో వండే టమాట ఏ జిల్లాలో పండిందో అంగడిలో అమ్మేవాడికీ తెలియదు. రైతులమే కూరగాయలు కొనుక్కుని తింటున్నప్పుడు, పట్నంలో నాలుగు మడుల పాలకూరతో మన మార్కెట్ పోతుందని భయపడటం ఆలు లేదు చూలు లేదన్నట్టే ఉంటుంది.

పైగా పట్నం తోటలో వచ్చేది ఏమిటి? పాలకూర, తోటకూర, మెంతి, కొత్తిమీర, నాలుగు వంకాయలు, పందిరి మీద ఆనిగెపుకాయ. ఉల్లిగడ్డ, ఎండుమిర్చి, పప్పు మననుంచే పోవాలి. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక క్యూబాకు పెట్రోలు, ఎరువులు రావడం ఆగిపోయింది. హవానా నగరంలో ఖాళీ జాగాలను ప్రభుత్వమే జనానికి సాగుకు ఇచ్చింది. జాగా సర్కారుదే, పంట పండించినోళ్లది. అక్కడ కూడా నగరం కూరగాయలు పండించుకుంది గానీ ఊళ్లలో రైతు లేకుండా పోలేదు.

మన దగ్గర హైదరాబాద్‌లో మిద్దె తోటలు బాగానే పెరిగాయి. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి మిద్దె తోట చూసి ఎంతోమంది మొదలుపెట్టారు. మంచిదే. కానీ మిద్దె ఉన్నోళ్లకే మిద్దె తోట. నిజామాబాద్‌లో కిరాయి గదిలో కూర్చుని బీడీలు చుట్టే అక్కకు కుండీ పెట్టుకునే జాగా కూడా లేదు. అందుకే నేను అడిగేది ఉమ్మడి తోట. లేఅవుట్‌లలో ప్రజల అవసరాలకు వదిలిన ఖాళీ స్థలాలు ఉన్నాయి. కబ్జా కానివి ముళ్లపొదలతో నిండి ఉన్నాయి. బడుల ఆవరణలు ఉన్నాయి. 2019 మున్సిపల్ చట్టం పట్టణాల బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టమంది. ఆ పైసలు డివైడర్ల మీద పూలచెట్లకేనా? కొంత తోటకూరకు పెడితే పచ్చగా ఉండదా?

అయితే జాగా ఇచ్చి ఊరుకుంటే కుదరదు. కనీసం ఐదేళ్లకు కాగితం రాసివ్వాలి, లేకపోతే మట్టి బాగుపడే సమయానికి లేచి పొమ్మంటారు. మంచినీళ్లు ఇవ్వాలి. హైదరాబాద్ దిగువన మూసీ మురికినీళ్లతో ఆకుకూరలు పండుతున్న సంగతి అందరికీ తెలుసు. మనం ఆ దారి పట్టొద్దు.

ఇక అసలు భయం వేరే ఉంది. పట్నానికి పచ్చదనం కావాలంటే అధికారుల కన్ను ముందు పడేది పట్నం అంచున ఉన్న మన పొలం మీద. కామారెడ్డిని మరిచిపోయామా? 2022 చివర్లో అక్కడ మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది. అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, టేక్రియాల్, లింగాపూర్ రైతుల పంట భూములకు పరిశ్రమల జోన్ రంగు పూశారు. నక్షా మీద గీత గీసిన వాడు గట్టు మీదికి వచ్చి ఒక్క రైతును అడగలేదు. 2023 జనవరి 4న ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మరునాడు ఆడా మగా పిల్లలతో సహా కలెక్టరేట్‌ను ముట్టడించారు. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ప్లాన్‌ను రద్దు చేస్తూ తీర్మానం చేయక తప్పలేదు. అదే నెలలో జగిత్యాల రైతులూ రోడ్డెక్కారు.

రేపు నిజామాబాద్ అంచున జోన్ పేరు మారొచ్చు. పరిశ్రమ బదులు 'గ్రీన్' అనొచ్చు. రైతును అడగకుండా, నష్టం కట్టివ్వకుండా అతని భూమికి ఏ రంగు పూసినా అది గుంజుకోవడమే. మనలో కూడా కొందరికి ప్లాటు ధర మీద ఆశ ఉంది, దాన్ని దాచుకుని మాట్లాడొద్దు. పొలం పొలంగానే ఉండాలంటే పొలం మీద బతుకు గడవాలి. పట్నం అంచున ఆకుకూరలు పండించేవాళ్లలో కౌలుదారులు ఉన్నారు. పట్టా ఎవరిదో, కష్టం వీళ్లది. 2018లో వచ్చిన రైతుబంధు కూడా వీళ్లకు అందలేదు. రైతుబజార్‌లో గద్దె వీళ్లకు దొరకాలి. 1999లో రైతుబజార్లు పెట్టింది రైతు నేరుగా అమ్ముకోవడానికి. ఇప్పుడు ఎంతమంది రైతులు అమ్ముతున్నారు, ఎంతమంది దళారులు అమ్ముతున్నారు అని ఒక పొద్దున పోయి లెక్కపెట్టండి.

బోధన్ సంగతి ఒకటి చెప్పాలి. 2015 డిసెంబర్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక శక్కర్‌నగర్ కార్మికుల బతుకు ఏమైందో మనకు తెలుసు. అక్కడ కూడా ఉమ్మడి తోటలు పెట్టొచ్చని కొందరు మిత్రులు అంటున్నారు. పెట్టుకోవచ్చు, నేను వద్దనను. కానీ "తోట ఇచ్చాం కదా" అని ఫ్యాక్టరీ మాట మరిపించే ఎత్తుగడకు మనం సంతకం పెట్టొద్దు. చెరుకు రైతుకు గానుగ కావాలి, కార్మికుడికి జీతం కావాలి. కూరగాయల మడి వాటికి బదులు కాదు.

వచ్చే నెల జిల్లా కమిటీలో ఈ విషయం పెడుతున్నాను. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ పట్నాల చుట్టూ ఉన్న గ్రామ కమిటీలు రెండు జాబితాలు తేవాలి. లేఅవుట్‌లలో ఖాళీగా పడి ఉన్న స్థలాలు ఎక్కడెక్కడ ఉన్నాయన్నది ఒకటి. పట్నం అంచున కూరగాయలు వేసే కౌలు రైతులు ఎవరెవరన్నది రెండోది. మా కమిటీలో ఆ ప్రశ్న అడిగిన తమ్ముణ్ణి కూడా తీసుకొస్తున్నాను.