ఫొటో సరే, సంతకం ఎక్కడ?



2022 జూలై 25 పొద్దున తాడేపల్లిగూడెంలో మా అద్దె గదిలో ఐదుగురం ఏజెన్సీ కుర్రాళ్లం ఒకే ఫోను చుట్టూ కూర్చున్నాం. ద్రౌపదీ ముర్ము గారు రాష్ట్రపతిగా ప్రమాణం చేస్తున్నారు. మయూర్‌భంజ్ జిల్లాలో ఉపర్‌బేడ అనే ఊళ్లో పుట్టిన సంతాల్ ఆడబిడ్డ. దేశానికి మొదటి ఆదివాసీ రాష్ట్రపతి. ఈ గెలుపు నా ఒక్కదానిది కాదు, ఈ దేశంలో పేదోళ్లు కల కనొచ్చు, దాన్ని నిజం చేసుకోవచ్చు అనే అర్థంలో ఆమె మాట్లాడుతుంటే మాలో ఒకడికి కళ్లెంబడి నీళ్లొచ్చేశాయి.

వాడిది వేలేరుపాడు మండలం. అంతకు తొమ్మిది రోజుల ముందే, జూలై 16న, భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. వాళ్లమ్మ గుట్ట మీద టార్పాలిన్ కింద ఉంది. వీడేమో గూడెం ఉల్లి మార్కెట్లో మూటలు దింపి, వచ్చిన డబ్బులు ఇంటికి పంపుతున్నాడు. ఆ సాయంత్రం ఎట్టకేలకు ఫోన్ కలిసింది. "అమ్మా, మనోళ్లావిడ రాష్ట్రపతి అయింది" అన్నాడు. "మంచిదే అయ్యా. మరి మన ఊరి సంగతి ఆవిడకి తెలుసా?" అని అడిగింది.

ఆ అమ్మ వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగింది. ఈ రోజు ఆ ప్రశ్న మీ ముందు పెడుతున్నాను.

మనలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "మనావిడ ఉంది, ఇక మనకేం భయం" అని కొందరు. "రాష్ట్రపతి అంటే రబ్బరు స్టాంపు, వదిలేయండి" అని ఇంకొందరు. రెండూ మనల్ని ఇంట్లో కూర్చోబెట్టే మాటలే. రాజ్యాంగం 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీదే నడవాలి, అది నిజమే. కానీ అయిదో షెడ్యూలు చదవండి. ఆదివాసీ ప్రాంతాల పాలన మీద గవర్నర్ ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. మన ప్రాంతం కోసం గవర్నర్ చేసే రెగ్యులేషన్ రాష్ట్రపతి ఆమోదం లేకుండా అమల్లోకి రాదు. ఏది షెడ్యూల్డ్ ఏరియానో చెప్పే ఉత్తర్వు కూడా రాష్ట్రపతిదే. అంటే మన నేల మీద ఆ సంతకానికి బరువుంది.

ఎంత బరువో మన జిల్లాలోనే చూడొచ్చు.

1970లో వచ్చిన 1/70 రెగ్యులేషన్ సంగతి మీకు తెలుసు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరే రుజువు లేకపోతే, ఆదివాసీ దగ్గర్నుంచి వచ్చిందే అనుకోవాలంటుంది. గిరిజనేతరుల మధ్య కూడా అమ్మకాలు చెల్లవంటుంది. రాష్ట్రపతి ఆమోదం ఉంటేనే అది నిలబడింది. అప్పుడు ఆ కుర్చీలో ఉన్నది మన తెలుగాయన వి.వి. గిరి గారు. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి మండలాల్లో మన పెద్దోళ్లు భూమి కోసం కోర్టుల చుట్టూ తిరిగినా, పొలాల్లో జెండాలు పాతినా, చేతిలో ఉన్న ఆయుధం ఆ కాగితమే.

ఇంకో సంతకం 2014 మే 29న పడింది. తెలంగాణ పుట్టడానికి నాలుగు రోజుల ముందు, రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారి పేరుతో ఆర్డినెన్స్ వచ్చింది. పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి మారిపోయాయి. కుక్కునూరు, వేలేరుపాడు మొదట పశ్చిమ గోదావరిలోకి, 2022లో ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. జనం ఉన్న చోటే ఉన్నారు, రాష్ట్రం మారింది, జిల్లా మారింది, ఆఫీసు దూరమైంది. గోదావరి మాత్రం అదే.

ఇప్పుడు ముర్ము గారి దగ్గరికి వద్దాం. అభిమానంతోనే మాట్లాడుకుందాం, కానీ లెక్క చూసి మాట్లాడుకుందాం.

2017లో ఆమె జార్ఖండ్ గవర్నర్. ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణాల కౌలు చట్టాలకు అక్కడి ప్రభుత్వం సవరణలు తెచ్చింది. ఆదివాసీ వ్యవసాయ భూమిని వేరే పనులకు మళ్లించే దారి అది. ఆ ప్రభుత్వం ఆమె సొంత పార్టీదే. అయినా బిల్లులు వెనక్కి పంపారు. ప్రభుత్వం వాటిని వదులుకుంది.

2022 నవంబర్ 26, రాజ్యాంగ దినోత్సవం. ఢిల్లీలో సుప్రీంకోర్టు కార్యక్రమంలో ప్రధాన న్యాయమూర్తి ముందే, బెయిల్ కట్టుకోలేక జైళ్లలో మగ్గుతున్న పేదల గురించి మాట్లాడారు. సమాజం ముందుకెళ్తుంటే జైళ్లు పెంచాల్సిన అవసరం ఏంటని అడిగారు. మూడు రోజుల్లో సుప్రీంకోర్టు ఆ ఖైదీల వివరాలు పంపమని ఆదేశించింది. ఆ రోజు ఆ గొంతు మనదే అనిపించింది.

మరి 2023? అటవీ సంరక్షణ సవరణ బిల్లు ఆగస్టు 2న రాజ్యసభ దాటింది. రికార్డుల్లో అడవిగా ఎక్కని అడవులకు రక్షణ తీసేసే చట్టం అది. వద్దని దేశమంతా ఆదివాసీ సంఘాలు మొత్తుకున్నాయి. బిల్లును ఒకసారి వెనక్కి పంపే అధికారం రాష్ట్రపతికి ఉంది. పంపలేదు. ఆగస్టు 4న ఆమోదం పడిపోయింది. అయిదు రోజుల తర్వాత మనం ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం చేసుకున్నాం, ఫ్లెక్సీలో ఆమె ఫొటో పెట్టుకుని.

ఒకే మనిషి, ఒకే కలం. ఒకసారి ఆపింది, ఒకసారి ఆపలేదు. 2017లో జార్ఖండ్ రోడ్ల మీద జనం ఉన్నారు. 2023లో మనం ఎక్కడున్నాం? నేను ఎక్కడున్నానో చెబుతాను: ఫ్లెక్సీకి చందాలు పోగుచేస్తున్నాను.

ఇది మన ఏజెన్సీ జబ్బు మాత్రమే కాదు. ఏలూరులో డిగ్రీ చదివేటప్పుడు నా క్లాస్‌మేట్ ఒకడిది కొల్లేరు లంక గ్రామం. "మాకు ఎలక్షన్ అంటే కాంటూరు" అనేవాడు. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2006లో చెరువు గట్లు కొట్టేశారు. 2008లో మూడో కాంటూరుకు కుదించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. అప్పట్నుంచీ వేదిక మీద అదే మాట. కానీ ఆ తగ్గింపు రాష్ట్రం ఒక్కటే చేసేది కాదు, కేంద్రం దాకా పోవాలి. ఆ ముక్క మైకులో చెప్పరు. ఏ కాగితం, ఎవరి సంతకం అని చెప్పని హామీ హామీ కాదు, ప్రసంగం.

అందుకే మనం అడిగేది కాగితం పేరుతో అడుగుదాం. జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయిలో పోలవరం నిర్వాసితుల కాలనీ ఉంది. అక్కడికొచ్చిన మన కోయ, కొండరెడ్డి కుటుంబాలు ఏజెన్సీ హద్దు దాటి మైదానంలో పడ్డాయి. 1/70 అక్కడ వర్తించదు, పీసా గ్రామసభ ఉండదు. ఇల్లు ఇచ్చారు, హక్కు ఊళ్లోనే మునిగిపోయింది. 2013 భూసేకరణ చట్టం 42వ సెక్షన్, షెడ్యూల్డ్ ఏరియా బయటికి తరలించినా ఆదివాసీల రక్షణలు వెంట రావాలంటుంది. అయిదో షెడ్యూలు 6వ పేరా, గవర్నర్‌తో సంప్రదించి రాష్ట్రపతి షెడ్యూల్డ్ ఏరియాను పెంచొచ్చంటుంది. దారి రాసే ఉంది. అడిగే గొంతు కావాలి.

2022లో మన రాష్ట్రంలో వైసీపీ, తెలుగుదేశం రెండూ ముర్ము గారికే మద్దతిచ్చాయి. ఆదివాసీ బిడ్డకు ఓటేశామని రెండు పార్టీలూ చెప్పుకున్నాయి. మంచిది. ఇప్పుడు ఆ ఆదివాసీ బిడ్డ ముందుకు మన ఫైలు పంపండి అని వాళ్లనే అడుగుదాం. ఆమె మంత్రిమండలి సలహా మీద నడవాలి కదా, ఆ సలహా ఇవ్వాల్సింది కేంద్ర ప్రభుత్వమే.

మీరు చేయగలిగినవి మూడు. మీ కాలనీలో, మీ ఊళ్లో సభ పెట్టి తీర్మానం రాయండి, వేలిముద్రలైనా సరే. దాన్ని సోమవారం ఏలూరు కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి, ఒక కాపీ గవర్నర్‌కు, ఒకటి రాష్ట్రపతి భవన్‌కు పోస్టు చేయండి. గవర్నర్ పంపాల్సిన వార్షిక నివేదిక ఎప్పుడు పంపారు, అందులో ముంపు ఊళ్ల గురించి ఏం రాశారు అని సమాచార హక్కు కింద అడగండి.

ముర్ము గారి పదవీకాలం 2027 జూలైతో అయిపోతుంది. ఫొటో గోడ మీదే ఉండనివ్వండి, తీసేయమని నేను అనను. కానీ గుట్ట మీద ఉన్న ఆ అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఆవిడ ఒక్కరే చెప్పలేరు. మన ఊరి సంగతి ఆవిడకి తెలిసేలా చేయాల్సింది మనం.

జై ఆదివాసీ!