పాత్రల నిష్క్రమణ – భీష్ముని నుండి సిల్వానస్ దాకా

2022 వేసవి సెలవులకు మా మనుమడు అమలాపురం వచ్చినప్పుడు ఒక పూట భోజనం దగ్గర ముభావంగా కూర్చున్నాడు. "ఏవిట్రా నాయనా, పరీక్ష గాని తప్పావా?" అని అడిగితే "కాదు తాతయ్యా, సిల్వానస్‌ని పంపించేశారు" అన్నాడు. ఎవరో సహాధ్యాయిని కాబోలునని నేను కొంత కంగారు పడిన మాట నిజం. తీరా విచారిస్తే ఆమె 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే అంతర్జాల క్రీడలోని ఒక రాణి!

నవ్వుకొని ఊరుకొనేవాడినే. కాని వాని దుఃఖం నిజమైనది. పదేళ్ళుగా వాడు ఆ రాణి పతాకం క్రింద సైనికుడట. అందుచేత రెండు సాయంత్రాలు ఓపికగా వాని చేత కథంతా చెప్పించుకొన్నాను. తెలుగు పండితునికి ఈ ఆటల గొడవ ఏలనని మిత్రులు అనుకొంటారేమో. నాకు ఆట రాదు, నేర్చుకొనే ఉద్దేశమూ లేదు. కాని అందులో ఉన్నది కథ. కథ అన్నాక మాట్లాడే హక్కు మనకు ఉంది గదా!

2004లో మొదలైన ఆ క్రీడకు ఆడేవారు నెలనెలా రుసుము చెల్లిస్తారు. సుమారు రెండేళ్ళకొకమారు క్రొత్త పర్వం వెలువడుతుంది. 2016 నాటి పర్వంలో వారియన్ అనే రాజును చంపారు. తనవారి నౌక తప్పించుకొని పోవడానికి అతడు తానొక్కడే శత్రువుల మధ్యకు దూకి నిలిచాడు. అంతకు ముందే కొడుకునకు ఇమ్మని ఒక లేఖ మిత్రుని చేతిలో పెట్టాడు. ఆ చావును మా వాడు తప్పు పట్టలేదు సరికదా, చెబుతూ చెబుతూ ఒక క్షణం ఆగాడు. వాని బాధంతా సిల్వానస్‌తోనే. 2018లో ఆ రాణి చేత, నిరాయుధులైన జనం నివసించే ఒక మహావృక్షాన్ని తగులబెట్టించారు. ఆడేవాడు ఆమె సైనికుడు గనుక ఆ పాపంలో వానికీ భాగం వచ్చింది. నాలుగేళ్ళ తరువాత, ఆమె ఆత్మ ఏనాడో రెండుగా చీలిందనీ, మంచి సగం ఇంతకాలం వేరే చోట ఉండిపోయిందనీ తేల్చి, ఆ సగాన్ని తిరిగి అతికించి, చిక్కుకొన్న జీవులను విడిపించే శిక్ష వేసి, ఒక నరకానికి పంపారు.

"అయితే చేసింది ఆవిడ కాదన్నమాట. మరి నేను పదేళ్ళు ఎవరి వెంట తిరిగినట్టు?" అన్నాడు వాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే సమాధానం లేదు. ఆ రాత్రి పడుకొన్నాక మహాప్రస్థానం గుర్తుకు వచ్చింది. హిమాలయ మార్గంలో ద్రౌపది మొదలుగా సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిపోతారు. పడిన ప్రతివారి విషయంలోనూ భీముడు కారణం అడుగుతాడు, ధర్మరాజు చెబుతాడు. ద్రౌపదికి అర్జునుని మీద పక్షపాతం, సహదేవునికి ప్రజ్ఞా గర్వం, నకులునికి రూప గర్వం, అర్జునునికి ఒక్క రోజులో శత్రువులనందరినీ దహిస్తానన్న ప్రగల్భం. చివరకు తానే పడిపోతూ భీముడు తన సంగతి అడిగినా, అతిభోజనం, బలగర్వం అని అన్నగారు వెనుదిరిగి చూడకుండానే చెబుతాడు. పదునెనిమిది పర్వాలు మనం ప్రేమించిన వీరులు వారు. ఒక్కరికైనా వ్యాసుడు సాకు కల్పించలేదు. ఎవరి దోషం వారిదే, అది మనం ముందే చూచినదే. కనుకనే వారు పడిపోయిన తరువాత కూడా మనవారుగానే మిగిలారు. పాత్ర చేసిన పనిని కవి పాత్ర నుండి లాగివేసుకొంటే అది క్షమ కాదు, అపహరణ. పోయేది పాపం ఒక్కటే కాదు, పాత్ర కూడా.

మరొక సంగతి. కృష్ణ నిర్యాణానికి బీజం స్త్రీపర్వంలో గాంధారి శాపంలో ఉంది. ముప్పదియారేండ్ల తరువాత మౌసలంలో అది ఫలించింది. అయితే కృష్ణుడు లేడన్న సంగతి మనకు గట్టిగా తగిలేది వేటగాని బాణం తగిలినప్పుడు కాదు. యాదవ స్త్రీలను వెంటబెట్టుకొని వస్తున్న అర్జునుని మీద దారిదొంగలు పడతారు. గాండీవం ఎక్కుపెట్టడమే అతనికి కష్టమవుతుంది, అస్త్రాలు స్ఫురణకు రావు. పోయినవాని వెలితి ఉన్నవాని చేతులలో కనబడడమంటే అదే. వారియన్ కథలో ఆ లేఖ చేసిన పని కూడా ఇటువంటిదే అనుకొంటాను.

ఇక అసలు పంపడమే చేతకానివారు ఉన్నారు. కోనన్ డాయల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలోకి తోసి, పాఠకులు ఊరుకోక 1903లో తిరిగి రప్పించవలసి వచ్చింది. మన బుల్లితెర 'కార్తీకదీపం'లో 2022లో నాయికానాయకులను ప్రమాదంలో చంపి, అదే యేడు మరల బ్రతికించారు. మా ఇంట్లో మొదట ఏడ్చినవారే తరువాత నవ్వారు.

కాని నాకు అన్నిటికంటె విచిత్రంగా తోచేది మన 'చందమామ' విక్రమార్కుని గతి. బేతాళ పంచవింశతిలో కథకు ముగింపు ఉంది. చివరి ప్రశ్నకు సమాధానం తోచక రాజు మౌనం వహిస్తాడు. బేతాళుడు సంతోషించి, శవాన్ని తెమ్మన్న భిక్షువు పన్నిన మోసాన్ని బయటపెడతాడు. ఆ భిక్షువే హతుడవుతాడు. 1947 జూలైలో పుట్టిన పత్రిక ఈ కథలను ఎత్తుకొన్న తరువాత ఆ ఇరవైయైదూ చాలలేదు. నెలనెలా సంచిక రావాలి గదా! కనుక దశాబ్దాల తరబడి క్రొత్త కథలు, క్రొత్త ప్రశ్నలు. ప్రతి నెలా రాజు సమాధానం చెప్పాడు, ప్రతి నెలా శవం తిరిగి చెట్టెక్కింది. నెలనెలా రుసుము పుచ్చుకొనే ఆటవారిది కూడా ఇదే చిక్కు అని నాకు తోచింది. చందాదారుడున్నంత కాలం రాజుకు మౌనం వహించే వీలు లేదు. 2013 నాటికి పత్రికే ఆగిపోయింది. శవాన్ని భుజాన వేసుకొన్న రాజును మన కళ్ళకు కట్టిన శంకర్ గారు 2020లో వెళ్ళిపోయారు. రాజు మాత్రం శ్మశానంలోనే ఉన్నాడు. ఒక్క సంచికలో ఆ మౌనాన్ని అచ్చువేసి అతనిని ఇంటికి పంపి ఉంటే ఏమి పోయేది? చిన్నప్పటి నుండి ఆ రాజు వెంట నడిచినవాడిని గనుక అడుగుతున్నాను.

పంపడం తెలిసినవాడు పంపితే ఏమవుతుందో మన కోనసీమలోనే చూడవచ్చును. శంతనుడు ఆదిపర్వంలోనే ఇచ్చిన స్వచ్ఛందమరణ వరం, పదవనాడు అంపశయ్య, ఆపైన ఉత్తరాయణం కోసం నిరీక్షణ, శాంత్యానుశాసనిక పర్వాల బోధ. ఇంత సావకాశంగా సెలవు పుచ్చుకొన్న పాత్ర మరొకటి నాకు కనబడదు. మాఘ శుద్ధ ఏకాదశి ఆయన పేరిటనే భీష్మైకాదశి అయింది. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కదిలేది ఆనాడే. అంతకు మూడు రోజుల ముందు భీష్మాష్టమి. బిడ్డలు లేని ఆ వృద్ధునికి ఆనాడు తర్పణం విడుస్తారు. మా తండ్రిగారు విడిచేవారు, నేనూ విడుస్తున్నాను.

మా వాడు ఆ ఆటకు రుసుము కట్టడం మానివేశాడని తరువాత తెలిసింది. మొన్న మాఘమాసంలో ఫోను చేసి, "తాతయ్యా, నాన్న ఉండగా నేను భీష్ముడికి నీళ్ళు వదలొచ్చా?" అని అడిగాడు. తండ్రి జీవించి ఉన్నవారికి కూడా ఆ తర్పణం చెల్లుతుందని చెప్పాను. సంకల్పం ఫోనులోనే చెప్పించాను, రెండుసార్లు తడబడ్డాడు.