లెక్క మాదే, జవాబూ మేమే చెబుతాం

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల విదేశీ యాజమాన్యపు కంపెనీల్లో లెక్కలు రాసేవాళ్ళం మేము. 1999లో జినోమ్ వ్యాలీ మొదలయ్యాక తుర్కపల్లి వైపు ల్యాబులు వచ్చాయి, వాటితో బయటి పెట్టుబడులూ వచ్చాయి. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 2009లో ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతికి వెళ్ళింది. యజమాని మారినంత మాత్రాన డెబిట్, క్రెడిట్ మారవు. జవాబు ఎవరికి, ఏ భాషలో చెప్పుకోవాలన్నదే మారుతుంది.

మా గోడు వినండి. నెలాఖరు క్లోజింగ్ అర్ధరాత్రి దాకా కూర్చుని ముగిస్తాం. కాల్‌లో హెడ్డాఫీసు అడుగుతుంది: ఏప్రిల్ ఖర్చు ఎందుకు పెరిగింది? మాకు తెలుసు, మార్చి బిల్లు ఆలస్యంగా వచ్చింది, ప్రొవిజన్ పెట్టలేదు. మేం ఇంగ్లీషులో మాటలు కూడదీసుకునేలోపు మేనేజరు అందుకుంటాడు. ప్రమోషన్ కూడా ఆయనే అందుకుంటాడు.

అమీర్‌పేట కోచింగుల్లో ఇంటర్వ్యూలో పరిచయం చేసుకోవడం నేర్పుతారు. ఇంటర్ కంపెనీ బ్యాలెన్సు ఎందుకు కలవలేదో చెప్పడం నేర్పరు. ఇలాంటివీ నేర్పరు: కోటి అంటే పది మిలియన్లు. 03/04 అని రాస్తే అమెరికావాళ్ళు మార్చి 4 అని చదువుతారు. ఫ్రెంచివాళ్ళు దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. మన లెక్కల ఏడాది మార్చితో ముగుస్తుంది, చాలామంది విదేశీ యజమానులది డిసెంబరుతో. రెండు ముగింపులకు మనుషులు చాలరని నవంబరులోనే చెప్పగలగాలి. అన్నిటికన్నా కష్టమైనది, "ఈ ఎంట్రీ వేయలేను, ఇక్కడి చట్టం ఒప్పుకోదు" అని మర్యాదగా రాయడం. అది రాయలేనివాడు తలూపుతాడు, రేపు ఆడిటర్ ముందు నిలబడేదీ అతనే.

కాబట్టి వారానికి రెండు గంటలు ఇంగ్లీషు శిక్షణ కావాలి, అదీ ఆఫీసు టైములోనే. సాయంత్రం పెడితే ఇంటికి బస్సు పట్టుకోవాల్సిన ఆడవాళ్ళు రాలేరు. పేర్లూ అంకెలూ కొట్టేసిన మా మెయిళ్ళే పాఠాలు. వివరణ తెలుగులో, అభ్యాసం ఇంగ్లీషులో. మా యాస జోలికి రావద్దు. లెక్క సరిగ్గా ఉన్నవాడికి మాట తడబడిందని ప్రమోషన్ ఆపొద్దు. హెడ్డాఫీసు కూడా కాల్‌లో అడగబోయేవి ముందురోజే మెయిల్‌లో పంపాలి. ఇంగ్లీషు చాలాచోట్ల వాళ్ళకూ పరాయిదేగా!

ఇవి అడగడానికే సంఘం పెట్టుకుంటున్నాం. దానికి ఇంకా పేరు పెట్టలేదు, తొందరేం లేదు. మొదటి సమావేశానికి వచ్చేవాళ్ళు చందా తేనక్కర్లేదు. జవాబు రాయలేక మేనేజరుకు ఫార్వర్డ్ చేసిన మెయిల్ ఒకటి, కంపెనీ వివరాలు తీసేసి, ప్రింటు తెచ్చుకోండి.