పరీక్ష క్యూబుకు, భారం పిల్లరుకు

అపార్ట్‌మెంట్ కడుతున్నప్పుడు సిమెంటు బస్తా మీద తయారీ తేదీ చూస్తాం. ఇనుముకు మిల్లు సర్టిఫికెట్ అడుగుతాం. 150 మిల్లీమీటర్ల క్యూబులు పోసి, 28 రోజులు నీళ్లలో ఉంచి, ల్యాబులో నలగ్గొట్టి చూస్తాం. ఆ కాంక్రీట్‌ను పిల్లర్‌లో కుదించే నీడిల్ వైబ్రేటర్‌ను మాత్రం ఎవరూ పరీక్షించరు. అద్దెకు వస్తుంది, స్విచ్ వేస్తే మోగుతుంది, పని మొదలైపోతుంది. మన నిర్మాణ నాణ్యతా తనిఖీల్లో ఇంతకన్నా పెద్ద లోపం నాకు కనిపించదు.

క్యూబును విడిగా, శ్రద్ధగా, పొరలు పొరలుగా కూరి చేస్తారు. ఆ కాంక్రీట్‌కు ఎంత బలం రాగలదో అది చెబుతుంది. పిల్లర్‌లో నిజంగా ఎంత వచ్చిందో చెప్పదు. అప్పుడే పోసిన కాంక్రీట్‌లో 5 నుంచి 20 శాతం దాకా గాలి చిక్కుకుని ఉంటుంది. కుదించాక కాంక్రీట్‌లో 2 శాతం గాలి మిగిలిపోయినా బలం 10 శాతానికి పైగా తగ్గవచ్చు, 5 శాతం మిగిలితే 30 శాతం దాకా పోవచ్చు. మన సైట్లలో ఆ గాలిని బయటికి పంపే ప్రధాన పనిముట్టు నీడిలే.

పైకి అది మొద్దు ముక్కు ఉన్న ఉక్కు గొట్టం, దాన్నే తల అంటారు. లోపల బేరింగుల మీద ఒక రోటర్ తిరుగుతుంటుంది. దాని బరువంతా ఒక పక్కకే ఉంటుంది. ఆ ఒంటిపక్క బరువు నిమిషానికి సుమారు 12,000 సార్లు తిరిగితే గొట్టం మొత్తం అదురుతుంది. ఆ అదురుకు కంకర రాళ్ల మధ్య రాపిడి కాసేపు సడలి, బిగుసుకుని ఉన్న కాంక్రీట్ ద్రవంలా కదులుతుంది. బుడగలు పైకి తేలతాయి. కొన్ని రకాల్లో మోటారు తలలోనే ఉంటుంది. మన సైట్లలో ఎక్కువగా కనిపించే వాటిలో అది బయట ఉండి ఫ్లెక్సిబుల్ షాఫ్ట్‌తో తిప్పుతుంది. లోలకం రకమైతే మోటారు 3,000 చుట్లే తిరిగినా, గొట్టం లోపలి గోడ మీద దొర్లే లోలకం ఆ వేగాన్ని దాదాపు నాలుగింతల అదురుగా మారుస్తుంది.

అదిరించే బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. 12,000 చుట్లు 9,600కి పడిపోతే వేగం ఐదో వంతే తగ్గినట్టు. బలం మాత్రం 64 శాతానికి దిగిపోతుంది. సైటు రణగొణలో ఆ తేడాను చెవి పట్టుకోలేదు. రీడ్ టాకోమీటర్ పట్టుకుంటుంది. అది మన సైట్లలో చాలా అరుదు.

ఇక ఆ తల సంరక్షణ. బేరింగులకు నూనె తక్కువైతే అవి కాలిపోతాయి. ఎక్కువ పోస్తే తిరిగే బరువుకు నూనే అడ్డుపడి తల వేడెక్కుతుంది, అదురు తగ్గుతుంది. ఎంత పోయాలో తయారీదారు పుస్తకంలో ఉంటుంది కానీ, అద్దె దుకాణంలో ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉంది? లోలకం రకంలో మరో చిక్కు. లోలకం దొర్లే చోటు పొడిగా ఉండాలి. సీలు పాడై గ్రీజు అక్కడికి చేరితే లోలకం పట్టు జారిపోతుంది. మోటారు మోగుతూనే ఉంటుంది, షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది, అదురు మాత్రం ఉండదు. బయటి సీలు చెడితే సిమెంటు నీళ్లే లోపలికి వెళతాయి. తల విప్పినప్పుడు నూనె తెల్లగా మారి కనిపిస్తే జరిగింది అదే. కంకరకూ ఇనుముకూ రాసుకుని గొట్టం కూడా అరుగుతుంది, ముక్కు దగ్గర మరీను. అరిగి పల్చబడిన గొట్టంలో బేరింగుకు పట్టు ఉండదు. కాలిపర్‌తో ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం ఇది. పైగా పని చేస్తున్న తలను చల్లబరిచేది చుట్టూ ఉన్న కాంక్రీటే. తర్వాతి లారీ కోసం ఎదురుచూస్తూ నీడిల్‌ను ఆపకుండా పక్కన పడేస్తే ఆ కొద్దిసేపట్లోనే బేరింగులు దెబ్బతింటాయి.

నీడిల్ బలహీనపడితే నష్టం యంత్రం యజమానితో ఆగదు. కాంక్రీట్ రింగుల మధ్యకు దిగనని మొండికేస్తుంది. మేస్త్రీ చేతిలో అప్పుడు ఉండేది నీళ్ల పైపే. నీళ్లు కలిపితే పోత సులువవుతుంది, బలం తగ్గుతుంది, ఆరాక సన్నని రంధ్రాలు మిగులుతాయి. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఆ రంధ్రాల గుండా ఉప్పు లోపలి ఇనుమును చేరుతుంది. ఈ రోజు మార్చని సీలు కొన్నేళ్లకు బాల్కనీ కింద తుప్పు మరకై కనిపించవచ్చు. అప్పుడు మేస్త్రీని తిడతాం, సిమెంటును అనుమానిస్తాం.

పంపుతో వచ్చే రెడీమిక్స్‌కు వైబ్రేటర్ అక్కర్లేదనే మాట ఈమధ్య తరచూ వినిపిస్తోంది. అది తప్పు. తనంతట తాను సర్దుకునేలా ప్రత్యేకంగా రూపొందించిన కాంక్రీట్‌కే ఆ మినహాయింపు. భూకంపాలను తట్టుకునేందుకు రింగులు దగ్గర దగ్గరగా కట్టిన బీమ్-పిల్లర్ కూడలిలోనైతే 60 మిల్లీమీటర్ల నీడిల్ దూరనే దూరదు, 25 లేదా 40 మిల్లీమీటర్లది సిద్ధంగా ఉండాలి.

నిబంధనలకు కొదవ లేదు. ఐఎస్ 456 ప్రకారం అదురు తక్కువైనా, ఎక్కువైనా హానికరమే. వైబ్రేటర్ ఎలా ఉండాలో ఐఎస్ 2505, దాన్నెలా వాడాలో ఐఎస్ 3558 చెబుతాయి. కొరవడింది బాధ్యత తీసుకునే సంతకం. వైబ్రేటింగ్ ఖర్చు ఘనపు మీటరు రేటులోనే కలిసిపోతుంది కాబట్టి అందులో ఎంత మిగిల్చినా లెక్కకు రాదు. పోలవరంలో 2019 జనవరిలో 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీట్ పోసి గిన్నిస్ రికార్డు సాధించాం, గర్వపడ్డాం. పోసినదాన్ని కొలవడం మనకు బాగా వచ్చు. కుదించినదాన్ని కొలవడం కూడా నేర్చుకోవాలి.

పోతకు ముందు ఇంజినీరు సంతకం చేసే కార్డులో నీడిల్ వ్యాసం, నూనె మార్చిన తేదీ, టాకోమీటర్ రీడింగ్ ఉండాలి. పని చేసే రెండో నీడిల్ సైటులో లేకపోతే పోత మొదలుకాకూడదు. అద్దె దుకాణం ప్రతి తలకూ ఒక రికార్డు రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం దాన్ని పట్టుకునే మనిషి. చాలా సైట్లలో నీడిల్ కొత్తగా చేరిన కుర్రాడి చేతికే వస్తుంది. వేగంగా దించాలి, 5 నుంచి 15 సెకన్లు ఉంచాలి, కింది పొరలోకి 150 మిల్లీమీటర్లు దిగాలి, నెమ్మదిగా పైకి తీయాలి అని అతనికి ఎవరూ చెప్పరు. ఈ పనికి శిక్షణ ఇవ్వాలి, కూలీ పెంచాలి, చేతులు తిమ్మిరెక్కకుండా మనిషిని మార్చాలి. అదురు తగ్గిందని మొదట తెలిసేది అతని చేతికే. ఆ మాట అన్నప్పుడు పోత ఆపే అధికారం కూడా అతనికి ఉండాలి.