మన ముందు నడచినవారు: సర్ ఆర్థర్ కాటన్ గారు

గోదావరి జిల్లాలలో పేరు తెలియనివారు లేరు గాని, జీవితము అంతగా తెలియని ఒక పెద్దమనిషిని గూర్చి ఈ నెల వ్రాయదలచాము. ఆయన ఇంజనీరు, యుద్ధము చూచిన సైనికుడు, భార్యాబిడ్డలను ప్రేమించిన గృహస్థుడు. ఆయనే సర్ ఆర్థర్ కాటన్ గారు. గుర్రము మీద కూర్చున్న ఆయన విగ్రహము మన ఊళ్ళలో ఎన్నిచోట్లనో ఉన్నది. ఆ మనిషి ఏమి సహించి ఆ పని చేశారో మన పిల్లలకు చెప్పవలసి ఉన్నది.

ఆయన 1803 మే 15న ఇంగ్లండులో, పదకొండుగురు మగపిల్లల ఇంటిలో పదవవాడుగా పుట్టారు. 1821లో, పదునెనిమిదేండ్ల ప్రాయములో, ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు ఇంజనీర్ల దళములో ఉద్యోగిగా మద్రాసు చేరారు. 1824లో మొదలైన బర్మా యుద్ధములో పాల్గొన్నారు. ఆ యుద్ధము కంపెనీ రాజ్యమును పెంచినదే గాని, దానిని మేము పుణ్యకార్యమని వ్రాయము. యుద్ధము ముగిసిన తరువాత ఆయన చేసిన పనియే మనకు మిగిలినది.

మొదట తంజావూరు సీమలో కావేరి పనులు ఆయనకు అప్పగించబడినవి. 1836 నాటికి కొల్లిడము మీద రెండు ఆనకట్టలు కట్టించారు. అక్కడ చోళ రాజుల నాటి కల్లణై ఉన్నది. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలుపవలెనో ఆ పాతకట్టను కట్టినవారి దగ్గరనే నేర్చుకొన్నామని ఆయన దాచకుండా చెప్పారు. పాలించే జాతివాడు పాలింపబడే జాతి పెద్దలను గురువులని ఒప్పుకొనడము ఆ రోజులలో చిన్న సంగతి కాదు.

ఎండలో, వానలో తిరిగి ఆయన ఆరోగ్యము పలుమార్లు చెడినది. 1841లో టాస్మేనియా ద్వీపములో ఎలిజబెత్ లెర్మంత్ గారిని వివాహము చేసికొన్నారు. అప్పటికి ఆయన వయస్సు 38 ఏండ్లు. మరుసటి సంవత్సరము కుమార్తె పుట్టినది. ఆ తరువాతనే గోదావరి పిలుపు వచ్చినది.

అప్పటి గోదావరి సీమ ఈనాటి పచ్చని సీమ కాదు. 1833 నాటి కరువులో గంజికి కూడ నోచుకొనక జనము రాలిపోయారు. 1839లో తుపాను కోరంగి తీరమును ముంచినది. రాజమండ్రి జిల్లాలో 1821లో సుమారు 7 లక్షల 38 వేలమంది ఉండగా, 1841 నాటికి 5 లక్షల 61 వేలమందే మిగిలారు. ప్రక్కనే అంత పెద్ద నది సముద్రములోనికి పోతూనే ఉన్నది. నీళ్ళు లేక కాదు, నీళ్ళను నిలిపేవారు లేక జనము చచ్చారు. ఈ సంగతియే కాటన్ గారిని నిద్రపోనివ్వలేదు.

1847లో ధవళేశ్వరము వద్ద పని మొదలైనది. ఆయన అడిగినంతమంది ఇంజనీర్లను, తాపీవారిని ప్రభుత్వమువారు ఇవ్వలేదు. ఉన్నవారితోనే పని సాగించారు. ప్రక్క కొండనుండి రాయి తెచ్చి నది నడుమనున్న లంకలను కలుపుతూ ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్ట కట్టారు. ఆనకట్ట నదిని ఆపివేయదు. నీటిమట్టమును కొంచెము పైకెత్తి కాలువలకు మళ్ళిస్తుంది, మిగిలిన వరద కట్ట మీదుగా పొర్లిపోతుంది. కాలువలలో నీరు పల్లానికి తానే నడచిపోతుంది.

1848లో ఆయన జబ్బుపడి ఆస్ట్రేలియాకు వెళ్ళవలసి వచ్చినది. అప్పుడు కెప్టెన్ ఓర్ గారు పని చూచుకొన్నారు. 1850లో కాటన్ గారు తిరిగి వచ్చారు. 1852లో ఆనకట్ట పూర్తియైనది. మన తెలుగువాడైన వీణెం వీరన్న గారు ఆయనకు కుడిభుజముగా నిలిచారు. రాళ్ళు మోసి, మట్టి త్రవ్విన వేలాది కూలివారి పేర్లు ఏ ఫలకము మీదను లేవు. మీ తాత ముత్తాతలు వారిలో ఉండియుండవచ్చును. పాలకొల్లు, నరసాపురములలో సేవచేసిన బౌడెన్, బీర్ దొరలు ఆ కూలివారి మధ్యకు వచ్చి సువార్త చెప్పారు. పొలములు తడిసిన చోటనే కొన్ని హృదయములును తడిసినవి.

1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చినది. అయినను రైళ్ళకన్న కాలువలకు ముందు డబ్బు పెట్టండి, అన్నము పండితే కరువు పోవును అని వాదించినందుకు పెద్దలనేకులకు ఆయన కంటగింపైనారు. 1878లో, 75 ఏండ్ల వయస్సులో, లండను పార్లమెంటు సంఘము ఎదుట నిలిచి ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చినది. ఆయన మాట మార్చుకొనలేదు. వృద్ధాప్యములో డార్కింగ్ పట్టణమున స్థిరపడి, గోధుమపంట మీద ప్రయోగములు చేశారు. 1899 జూలై 24న, 96 ఏండ్ల వయస్సులో, ప్రభువునందు నిద్రించారు.

మరుసటి సంవత్సరమే ఆయన జీవితకథ అచ్చుపడినది. వ్రాసినది ఎవరు? ధవళేశ్వరము పని మొదలైననాడు చిన్న బిడ్డగానున్న ఆ కుమార్తె, లేడీ హోప్ గారే. లోకము తండ్రిని ఎంత పొగిడినను బిడ్డకు తెలిసినంత లోకమునకు తెలియదు. ఇంటిలో వేరు, వెలుపల వేరుగా బ్రతికిన తండ్రిని గూర్చి అంత ప్రేమతో వ్రాయడము ఏ బిడ్డకును సాధ్యము కాదు. తండ్రులారా, మన బిడ్డలు మనలను గూర్చి ఏమి వ్రాస్తారు?

ఆ పాత ఆనకట్ట బలహీనపడినందున 1982 నాటికి కొత్త బ్యారేజి కట్టి, దానికి ఆయన పేరే పెట్టారు. నేడు దాని క్రింద సుమారు 10 లక్షల ఎకరములు సాగగుచున్నవి. కాని కాలువ తెచ్చినవానికి దండ వేసి, అదే కాలువలో చెత్త పోస్తే ఆ గౌరవమునకు అర్థమేమి? పూడిక తీయని కాలువ చివరి రైతుకు ఎండిపోయిన మడినే ఇస్తుంది. ఇస్సాకు తన తండ్రి నాటి బావులు పూడిపోతే, కొత్తవాటికంటె ముందు వాటినే బాగుచేయించాడు. మన తరమునకు కూడ ఆ పని ఉన్నది.

ఈ నెల ఒకనాటి సాయంకాలము మీ ఇంటి పెద్దలను, మన ఊరి కాలువ ఎవరు త్రవ్వారు అని అడుగుడి. వారు చెప్పిన పేర్లను కుటుంబ ప్రార్థనలో తలంచుకొని దేవునికి స్తోత్రము చెల్లించుడి. మరునాడు సంఘ యౌవనస్థులు పలుగుపారలతో కాలువ గట్టుకు వెళ్ళగలిగితే, ఆ స్తోత్రము సంపూర్ణమగును.