అక్షరమునకు నేరము గలదా?

అంకెకు విలువ గలదని గణితశాస్త్రము చెప్పును. దాని ఆకారమునకు చరిత్రయు గలదని 2024లో జర్మనీ దేశము మరల నేర్చుకొనవలసి వచ్చినది. ఆ యేట యూరోపు ఫుట్‌బాల్ పోటీలు జర్మనీలో జరిగినవి. వానికి ముందే ఆ దేశపు జట్టు చొక్కాలపై క్రొత్త అంకెలు వెలసినవి. బలమైన గీతలతో, పదునైన కోణములతో, అవి ఇనుపరేకు నుండి కత్తిరించి తీసినట్లుండెను. 4 ఒంటిగా నున్నంతవరకు ఎవరికిని అభ్యంతరము తోచలేదు. రెండు నాలుగులు జతగూడి 44 ఐనప్పుడు మాత్రము, హిట్లరు నాటి ఎస్.ఎస్. దళపు జంట మెరుపుగీతలు జ్ఞప్తికి వచ్చుచున్నవని విమర్శ బయలుదేరెను.

ఎస్.ఎస్. అనగా నాజీ పక్షపు సాయుధదళము. నిర్బంధ శిబిరములను నడపినది, సుమారు 60 లక్షల యూదుల సంహారమునకు ముఖ్యసాధనమైనది అదియే. దాని చిహ్నమును బహిరంగముగా ప్రదర్శించుట జర్మను శిక్షాస్మృతి ననుసరించి నేరము. కావున ఏప్రిల్ మాసారంభమున, చొక్కాల తయారీదారైన ఆడిడాస్ సంస్థ 44 అంకెను వేయించుకొను వీలు తొలగించెను. అంకెలను యూరోపు ఫుట్‌బాల్ సమాఖ్య పరిశీలనకు పంపితిమనియు, అప్పుడెవరికిని ఆ పోలిక తట్టలేదనియు జర్మను ఫుట్‌బాల్ సంఘము తెలిపెను; 4కు వేరొక రూపము కల్పింతుమని ప్రకటించెను.

ఆ పోటీలలో ఆటగాండ్రకు 1 మొదలు 26 వరకే అంకెలు గదా, మైదానమున కానరాని 44 కొరకు ఇంత అలజడి యేల యని కొందరడుగవచ్చును. కాని అభిమానులు కోరిన అంకెను చొక్కాపై వేయించుకొందురు. అందు తెలియక వేయించుకొన్నవాడెవడో, తెలిసియే వేయించుకొన్నవాడెవడో చూపరులకు తెలియదు. దుష్టచిహ్నమునకు దొంగదారి దొరకునది ఇట్టి చోటనే.

ఐనను కోణములనే దోషులుగా నెంచుట న్యాయము కాదు. నాజీల యేలుబడిలో టానెన్‌బర్గ్ వంటి మోటైన కోణాకార శీర్షికాక్షరములు జర్మను ముద్రణమున ప్రబలెను. అచ్చుకూర్పరులు వానిని సైనికుల బూట్లతో పోల్చి పరిహసించిరి. శతాబ్దుల నాటి ఫ్రాక్టూర్ లిపియు అప్పుడు జాతిగౌరవ చిహ్నముగా కొనియాడబడినది. కాని 1941 జనవరి 3న అదే ప్రభుత్వము, ఆ అక్షరములు యూదులవని అసత్యము కల్పించి, వానిని విడనాడవలెనని ఉత్తరువు చేసెను. ఆ ఉత్తరువు కాగితపు శిరోభాగము మాత్రము ఫ్రాక్టూర్ లోనే అచ్చయి యుండెను! నేటికిని పలువురి కంటికి ఫ్రాక్టూర్ నాజీల లిపిగనే తోచును. గీతలు మారలేదు, అధికారము వానికి తగిలించిన అర్థము మారినది.

కావున జర్మనీలో తొలగింపబడినది కోణము కాదు, హతుల స్మృతిని గాయపరచు పోలిక. ఆ చిహ్నమును చూచి వణకిన తరము కనుమరుగగుచున్నది. వారికి ఆ పోలికను ఎవరును చూపనక్కరలేదు. తరువాతివారికి చెప్పినగాని తెలియదు. రూపశిల్పుల కంటికిని, పరిశీలకుల కంటికిని చిక్కని దానిని ఎత్తిచూపినవారిలో ఒక చరిత్రకారుడు గలడు. చరిత్రపాఠము తేదీల పట్టికగా మిగిలిన బడిలో 44 కేవలము ఒక సంఖ్య. ఆ పాఠము బోధపడిన బడిలో అది ఒక హెచ్చరిక.