గుమాస్తా కబుర్లు: నీహారికకు రంగులెవరు వేశారు?

చదువరులారా, ఈ నెల కబురు కాస్త ఎత్తునుంచి తెచ్చాను. గరుడ నీహారికలోని ధూళి స్తంభాల బొమ్మ మీరు ఏ కేలండరు మీదనో, పిల్లల పుస్తకంలోనో చూసే ఉంటారు. మబ్బుల్లాంటి మూడు స్తంభాలు, బంగారు అంచులు, వెనక నీలిపచ్చని వెలుగు. 1995లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ అనే శాస్త్రజ్ఞులు హబుల్ దూరదర్శినితో తీసిన బొమ్మ అది. ఆ చోటు మనకు సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరం.

ఆ రంగులు కంటికి కనిపించే రంగులు కావని ఎక్కడో విని, "అయితే అదంతా బొంకేనా?" అని మా ఇంట్లో పిల్లలు నిలదీశారు. బొంకే అంటే వాళ్లకు శాస్త్రం మీద నమ్మకం పోతుంది. నిజమే అని ఊరుకుంటే మనం బొంకినట్టవుతుంది. కనుక సంగతి సాంతం చెప్పడమే మర్యాద.

నీహారికలోని వాయువులను దగ్గరలో ఉన్న వేడి నక్షత్రాలు తమ కాంతితో రగిలిస్తాయి. రగిలిన ప్రతి వాయువూ తనకు ఏర్పడిన కొన్ని వన్నెల్లోనే వెలుగుతుంది. మిల్లీమీటరులో పది లక్షో వంతు ఒక నానోమీటరు. ఆ కొలతన ఉదజని, అంటే హైడ్రోజను, 656 దగ్గర ఎర్రగా వెలుగుతుంది. గంధకం 672 దగ్గర, అదీ ఎరుపే. ఆమ్లజని, అంటే ఆక్సిజను, 501 దగ్గర నీలం కలిసిన పచ్చగా వెలుగుతుంది.

ఇప్పుడు ఫిల్టరు సంగతి. కెమెరా ముందు పెట్టే ఈ అద్దం మూడు నుంచి ఏడు నానోమీటర్ల ఇరుకు సందులోంచి మాత్రమే వెలుగును రానిస్తుంది. తక్కినదంతా వెనక్కి పంపేస్తుంది. అందుచేత వీధి దీపాలతో తెల్లబారిన పట్నపు ఆకాశంలో కూడా నీహారిక తేటపడుతుంది. మిద్దెమీద దూరదర్శిని పెట్టుకున్న సామాన్యులు కూడా నేడు ఈ పని చేస్తున్నారు. ఒక్కొక్క ఫిల్టరుతో ఐదేసి నిమిషాల చొప్పున, రాత్రుల తరబడి తీసి, వాటన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి ఒక్క పటంగా చేస్తారు. ఓపిక గలవారి విద్య సుమా!

ఈ ఉపాయానికి మూలమైన సూత్రం మన తెలుగుగడ్డ మీద ఒకసారి ఫలించింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. సూర్యుని అంచున ఎగిసే జ్వాలలు ఉదజని వన్నెల్లో మెరవడం ఆయన వర్ణదర్శినిలో చూశాడు. ఆ వన్నె ఒక్కదాన్నే పట్టుకుంటే గ్రహణం అక్కరలేదని ఆయనకు తోచింది. మర్నాడు పట్టపగలు, నిండు సూర్యుని పక్కనే, ఆ జ్వాలలను మళ్లీ చూశాడు. పెద్ద వెలుగులోంచి చిన్న వెలుగును ఏరుకోవడమంటే ఇదే గదా!

ఇక రంగుల వంతు. ఇట్లా తీసిన మూడు పటాలూ నలుపు తెలుపువే. ఉన్న రంగులే వేద్దామంటే ఉదజని, గంధకం రెండూ ఎరుపులో కలిసిపోయి, ఏది ఎక్కడుందో తెలియదు. అందుకని గంధకానికి ఎరుపు, ఉదజనికి పచ్చ, ఆమ్లజనికి నీలం కేటాయించారు. ఈ పద్ధతికి హబుల్ పేరే నిలిచింది. ఇందులోనూ వరుస తప్పలేదు. తరంగం పొడుగైనదానికి ఎరుపు, నడిమిదానికి పచ్చ, పొట్టిదానికి నీలం. మా ఆఫీసు సీనియారిటీ లిస్టులాగా, జీతాలు మారినా క్రమం మారలేదన్నమాట.

బడిలో గోడకు తగిలించిన దేశపటం తలుచుకోండి. అందులో ఒక రాష్ట్రం గులాబిరంగులో ఉన్నంత మాత్రాన అక్కడి పొలాలు గులాబిరంగులో ఉంటాయని ఎవరూ అనుకోరు. అయినా ఎల్లలు నిజం, ఊళ్లు నిజం. నీహారిక పటమూ అటువంటిదే. స్తంభాల ఆకారం నిజం. ఏ వాయువు ఏ చోట వెలుగుతున్నదో అదీ నిజం. రంగు మాత్రం గుర్తు.

అయితే ఒక హెచ్చరిక. ఉదజని వెలుగు తక్కిన రెండిటికన్నా సాధారణంగా ఎంతో ఎక్కువ. ఉన్నదున్నట్టు కలిపితే బొమ్మంతా పచ్చబారిపోతుంది. అందువల్ల గంధకాన్నీ, ఆమ్లజనినీ పెంచి కలుపుతారు. మనం మెచ్చుకునే బంగారమూ, నీలమూ అట్లా వచ్చినవే. కాబట్టి బంగారు రంగు దండిగా కనిపించిందని అక్కడ గంధకం దండిగా ఉందని లెక్క కట్టరాదు. ఎంత పెంచాలన్నది తీసినవారి చేతిలో పని, అభిరుచి కూడాను.

మరి పిల్లలకేమని చెప్పాలి? లెక్కల పుస్తకంలో జమ నల్లసిరాతోనూ, ఖర్చు ఎర్రసిరాతోనూ రాస్తే అది మోసం కాదు. ఏ సిరా దేనికో పైన రాయకపోతేనే చూసేవాడు మోసపోతాడు. కనుక ఇకమీదట నీహారిక బొమ్మ కంటబడితే, ముందు కళ్లారా చూసి ఆనందించండి. తరువాత పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, ఏ రంగు ఏ వాయువుకు గుర్తో బొమ్మ కింద వెతికించండి. ఆ ముక్క రాసినవారిని నమ్మవచ్చు. రాయని బొమ్మను అందానికి గోడకు తగిలించుకోండి. పాఠానికి మాత్రం వద్దని నా మనవి.

పై నెల మళ్లీ కలుద్దాం. సెలవు.